ఈఈవి: హవాయి కొండల యెఱ్ఱపిట్ట



నేడు నేను మీకు విన్నవింపబోవునది యొక చిన్న పక్షి కథ. దాని తూకము తులమున్నరకు ఇంచుమించు. పొడవు జానెడు లోపు. అది మన దేశపు పక్షి కాదు. మనకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రము నడుమ నున్న హవాయి ద్వీపములందు తప్ప భూమిపై మఱెక్కడను అది లేదు. అంత దూరపు పిట్ట సంగతి మన గ్రామములలో కూర్చుండి యేల వినవలెనని మీకు తోచవచ్చును. దానిని చంపుచున్న శత్రువు మన యిండ్ల మురుగుకాలువలలో పుట్టు దోమయే. దోమలు మలేరియా జ్వరమును మోయు రహస్యము లోకమునకు తెలియవచ్చిన తావులలో మొదటిది మన సికిందరాబాదు. కావున ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

హవాయి ద్వీపములు ఒక వరుసగా, తెగిన దండలోని పూసలవలె, సముద్రముపై పఱచుకొని యున్నవి. అవి యన్నియు అగ్నిపర్వతములు సముద్రగర్భమునుండి లేచుటచేత ఏర్పడిన నేలలు. వానిలో పెద్దవి ఎనిమిది. దగ్గఱనున్న ఖండమగు అమెరికా తీరమునకైనను అచటినుండి 2,000 మైళ్ళకు పైగా నీరే. ఉష్ణమండలమున నున్నను, పెద్ద ద్వీపములోని మౌనా కెయా యను కొండ 13,800 అడుగుల యెత్తున కుండుటచే శీతకాలమున దాని శిఖరము మంచుతో తెల్లబాఱును. 1810లో కమేహమేహా యను రాజు ఈ ద్వీపములన్నిటిని ఒక్క యేలుబడి క్రిందికి తెచ్చెను. 1898లో అవి అమెరికా సంయుక్తరాష్ట్రముల వశమైనవి. 1959లో ఆ దేశమునకు 50వ రాష్ట్రమైనవి.

ఈ ద్వీపముల యడవులలో వసించు పక్షి పేరు ఈఈవి. మన భాషలో ఈవి యనగా దానము. ఈ పేరునకును మన మాటకును సంబంధము లేదు గాని, ఆ పక్షి ఆ యడవికి చేయు మేలు చూచినచో ఆ పేరు దానికి తగియే యున్నదనిపించును. దాని మేనంతయు పండుమిరపవలె ఎఱ్ఱన. ఱెక్కలును తోకయు నల్లన. ముక్కు కొడవలివలె క్రిందికి వంగి, నారింజ వన్నెతో మెఱయుచుండును. పిల్లలు పసుపుపచ్చని యీకలతో, నల్లని చుక్కలతో నుండును. అందుచేత తొలినాటి పండితులు తల్లిని ఒక జాతిగాను, పిల్లను వేఱొక జాతిగాను భ్రమపడిరి.

దాని పాట కోకిల పాటవంటిది కాదు. నూనె వేయని నూతిగిలక కిఱ్ఱుమనునట్లును, తుప్పుపట్టిన తలుపు కీచుమనునట్లును మొదలిడి, నడుమ నడుమ నొక తీయని యీలతో అది పాడును. ఇతర పక్షుల కూతలను గూడ అనుకరించును. తెలతెలవాఱు వేళ మంచు కప్పిన కొండయడవిలో ఇట్టి గొంతులు పదులకొలది ఒక్కసారిగా లేచునట. యంత్రముచే పట్టి యుంచిన ఆ ధ్వనిని నేను వింటిని. మొదట నవ్వు వచ్చును. కొంతసేపు విన్న పిమ్మట మఱల వినవలెననిపించును.

ఈఈవికి ఆధారము ఓహియా యను చెట్టు. మన నేరేడును, జామయు ఏ కుటుంబములోనివో, ఆ చెట్టును ఆ కుటుంబములోనిదే. దాని పూవును లెహువా యందురు. నేరేడుపూవునకువలె దానికిని కేసరముల కుచ్చే అందము. కాని యా కుచ్చు పెద్దది, ఎఱ్ఱనిది. ఆ పూల నడుమ నీ పిట్ట వ్రాలినప్పుడు ఏది పూవో, ఏది పిట్టయో తెలియదు. మన తుమ్మకు జ్ఞాతియగు కోవా యను మహావృక్షము గూడ ఆ యడవులలో పెఱుగును. ఈఈవి ఓహియా కొమ్మలందు గూడు కట్టి, సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టి, రెండువారములు పొదుగును. పూదేనెయే దానికి ముఖ్యాహారము. పురుగులను గూడ తినును.

వంకరముక్కు చూచి మన తేనెపిట్టకు చుట్టమని తలచెదరేమో! కాదు. కొన్ని పదుల లక్షల యేండ్ల క్రిందట, ఆసియా ఖండమునుండి గులాబి వన్నె గలిగి గింజలు తిను చిన్న పిట్టల గుంపొకటి దారితప్పి ఆ ద్వీపములు చేరినదనియు, దాని సంతతియే అచట పలుజాతులుగా విడిపోయినదనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. గింజలు పగులగొట్టునది కొన్ని, బెరడు క్రింది పురుగును లాగునది కొన్ని, పూదేనె త్రాగునది కొన్ని. ఏ పనికి తగిన ముక్కు ఆ పనివానికి వచ్చెను. ఒక్క వంశమునుండి 50కి మించిన జాతులు వెలసినవి. అచట లొబీలియా యను మొక్కల పూవులు పొడవైన గొట్టములవలె వంగియుండును. ఈఈవి ముక్కు ఒరలోనికి కత్తివలె అందు దిగును. తేనె త్రాగి లేచునప్పుడు నుదుట పుప్పొడి నంటించుకొని వేఱొక పూవునకు చేర్చును. పూవు పిట్టకు అన్నము పెట్టును. పిట్ట పూవునకు సంతానము నిచ్చును. నేను దాని పేరు తగియున్నదనుటకు ఇదియే కారణము.

ఆ దీవుల వారు ఈ పక్షిని ఎఱిగినవారే. పూర్వము వారి రాజులు, నాయకులు ధరించు ఉత్తరీయములను ఈకలతో నేయుచుండిరి. ఎఱ్ఱని యీకలు ఈఈవివి. పసుపు యీకలు ఓఓ, మామో యను పక్షులవి. 1779 జనవరిలో కలనిఓపూ యను రాజు తాను కప్పుకొన్న యీకల వస్త్రమును తీసి, ఓడలో వచ్చిన ఆంగ్ల నావికుడు కుక్కునకు కప్పెను. ఆ వస్త్రమునకై 20,000 పక్షుల యీకలు పట్టియుండునని లెక్కగట్టిరి. అది దేశములు తిరిగి, న్యూజీలాండు మ్యూజియమున చాలకాలముండి, 2016లో తన పుట్టినింటికి చేరినది.

ఇన్ని పక్షులను వేటాడిన రాజులే వీని నాశనమునకు కారణమని మీరు తలపవచ్చును. ఓఓ, మామోల విషయమున వేటయు కొంత కీడు చేసియుండును. కాని ఈఈవి మాత్రము ఆ వేటను తట్టుకొని, పందొమ్మిదవ శతాబ్దపు తుదివఱకును సముద్రతీరము మొదలు కొండకొమ్ములదాక ప్రతి ద్వీపమునను కనబడుచుండెను. రాజుల యాశ దానిని రూపుమాపలేదు. దానిని రూపుమాపుచున్న కీడు వేఱొక దారిని వచ్చినది.

హవాయి ద్వీపములందు పూర్వము దోమ లేదు. ఈ మాట నమ్మశక్యము కానట్లుండును గాని నిజము. అచటి భాషలో దోమకు పేరైనను లేకుండెను. 1826లో వెల్లింగ్‌టన్ అను ఓడ మెక్సికో తీరమునుండి మౌయి ద్వీపములోని లహైనా రేవునకు వచ్చెను. మంచినీరు నింపుకొనుటకై నావికులు దిగి, పీపాల యడుగున మిగిలియున్న పాతనీటిని అచటి యేటిలో పాఱబోసిరి. ఆ నీటిలో దోమపిల్లలుండెను. కొన్నాళ్ళకు ఊరివారు అచటి క్రైస్తవ ప్రచారకులయొద్దకు వచ్చి, చెవియొద్ద పాడి, ఒంటిని దురద పెట్టు క్రొత్త పురుగొకటి వచ్చినదని చెప్పిరట. పీపాడు మిగులునీరు పాఱబోసినవాని కది పాపమని యెట్లు తెలియును? వాడు ఎవరికిని కీడు తలపలేదు. తన పాత్ర కడుగుకొనెను, అంతే.

దోమ వచ్చిన చాలకాలమునకు, అన్యదేశములనుండి తెచ్చి వదలిన పక్షుల రక్తములో పక్షుల మలేరియా జ్వరపు సూక్ష్మజీవి గూడ వచ్చినదని శాస్త్రజ్ఞుల భావము. జీవి యొకరు, దానిని మోయు బోయీ యొకరు. ఇద్దఱును కలిసిన పిదప అడవి మూగబోవసాగెను. పల్లపు భూములలో అడవిని నఱకి చెఱకు తోటలు వేయుటయు, 1793లో వాంకూవరు అను నావికుడు కానుకగా దింపిన పశువుల సంతతి అడవిపాలై మొలకలను మేయుటయు పక్షులకు కీడు చేసిన మాట నిజమే. కాని పల్లములలో నఱకబడక నిలిచిన యడవులు గూడ కలవు. అచట నేటికిని లెహువా పూయుచునే యున్నది. దాని తేనె త్రాగుటకు ఈఈవి మాత్రము రాదు. చెట్టుండియు పిట్ట లేకపోవుటకు కారణము గొడ్డలి కాదు, జ్వరమని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇచట మన సికిందరాబాదు సంగతి చెప్పవలెను. 1857లో అల్మోరాలో పుట్టిన రొనాల్డు రాస్ అను వైద్యుడు మన దేశపు సైనిక వైద్యశాఖలో ఉద్యోగియై, సికిందరాబాదున బేగంపేటలో పని చేయుచుండెను. హుసేన్ ఖాను అను జ్వరపీడితుడు, కఱచిన దోమకు అణా చొప్పున కూలి పుచ్చుకొని, తన మేని రక్తమును దోమలకు త్రాగ నిచ్చెను. 1897 ఆగస్టు 20వ తేదీన రాస్ అట్టి దోమ కడుపును చీల్చి సూక్ష్మదర్శినిలో చూడగా, మలేరియా జీవి అచట పెఱుగుచు కనబడెను. మఱుసటి యేడు ఆయన కలకత్తాకు మాఱి, అచట మనుష్యులకు బదులు పిచ్చుకలు మొదలగు పక్షులపై పరిశోధన సాగించెను. రోగపు పిచ్చుకను కఱచిన దోమలో ఆ జీవి పెఱిగి, దోమ నోటి గ్రంథులను చేరి, అది మఱల కఱచిన ఆరోగ్యమైన పిచ్చుకకు జ్వరమును తెచ్చునని 1898లో ఆయన నిరూపించెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. మనుష్యుల మలేరియాను మోయునది వేఱు దోమ. రాస్ పక్షులలో చూచిన జీవియు, దానిని మోసిన మురుగునీటి దోమయు నేవో, హవాయిలో ఈఈవిని చంపుచున్నవియు అవియే. మన కోస్తా గ్రామములలో బోదకాలు తెచ్చుచున్నదియు ఆ మురుగునీటి దోమయే.

మన పిచ్చుక ఆ జ్వరమును తట్టుకొనుచుండగా ఈఈవి యేల తట్టుకొనలేదని అడుగుదురేమో. మన పిచ్చుకయు ఆ రోగమును వేలకొలది తరములనుండి కలిసి బ్రతుకుచున్నవి. తట్టుకొనలేనివి ఎన్నడో చచ్చినవి. తట్టుకొన్నవాని సంతతియే నేడు మన చూరులలో నున్నది. ఈఈవి వంశము దోమ లేని చోట పెఱిగినది; శత్రువు నెఱుగని కోటకు గోడ యుండదు గదా. 1995లో ప్రకటించిన ప్రయోగములో, రోగపు దోమ యొక్కసారి కఱచిన ఈఈవులలో పదింట తొమ్మిది చచ్చెను. పెక్కుమాఱులు కఱవబడినవి ఒక్కటియు మిగులలేదు. ఆమకీహీ యను వేఱొక పచ్చని పిట్ట మాత్రము పెద్ద ద్వీపపు పల్లములలో ఈ జ్వరమునకు కొంత అలవాటుపడి మఱల వృద్ధి పొందుచున్నది. ఈఈవికి ఆ శక్తి యింకను రాలేదు.

అయినను ఈఈవి ఇంతవఱకు బ్రతికియుండుటకు కారణము కొండ యెత్తు. చలి యెక్కువయైన చోట దోమ వృద్ధిపొందదు. 13 డిగ్రీల సెంటీగ్రేడునకు తక్కువైనచో దోమ కడుపులో ఆ జీవి పెఱుగదు. కావున ఇంచుమించు 5,000 అడుగులకు పై యడవులలోనే ఈఈవి గుంపులుగా మిగిలినది. వానిలో పదింట తొమ్మిదివంతులు పెద్ద ద్వీపముననే యున్నవి. మిగిలినవానిలో చాలభాగము మౌయి తూర్పుకొండలలో నున్నవి. లానాయి ద్వీపమున ఒక్కటియు లేదు. కవాయి ద్వీపపు ఎత్తైన కొమ్ము 5,200 అడుగులు మాత్రమే. అచటి పక్షికి పైకి పోవుటకు చోటే లేదు. లోకమంతటను వేడి పెరుగుచుండుటచే దోమ ఏటికేడు మీదికి ఎక్కుచున్నది. కొండ మాత్రము పెఱుగదు.

ఇంకొక చిక్కు. ఈఈవి పూలను వెదకుచు దినమునకు ఎన్నియో మైళ్ళు ఎగురును. పైన పూలు తక్కువైన దినములలో క్రింది కొండలకు దిగును. అన్నమున్న చోటనే చావును కాచుకొని యుండును. మఱి అడవిలో దోమకు నీరెక్కడిదందురా? అచట తాటిచెట్టువలె నిలువుగా పెఱుగు ఫెర్ను మ్రానులు కలవు. అడవిపందులు వానిని పడద్రోసి, లోపలి అరటిదవ్వవంటి మెత్తని గుజ్జును తిని, మ్రానును దోనెవలె తొలిచి విడుచును. ఆ దోనెలో వాననీరు నిలుచును. అదే దోమలకు పురిటిల్లు. ఇవి చాలవన్నట్లు, ఇటీవలి సంవత్సరములలో ఒక బూజు తెగులు ఓహియా చెట్లను గూడ పెద్దసంఖ్యలో ఎండగొట్టుచున్నది.

ఈఈవికంటె దురదృష్టము గల పక్షులు కలవు. కవాయి ద్వీపములోని అలకాయి యడవిలో ఓఓ యను నల్లని పక్షి యుండెను. దాని గొంతు వేణునాదమువలె నుండును. 1982లో వచ్చిన తుపానునకు పిమ్మట ఒక మగపక్షి మాత్రము కనబడుచుండెను. ఆ జాతిలో మగదియు ఆడుదియు ఒకరి పాటకు ఒకరు బదులుపాడుట వాడుక. ఆ యొంటరి మగది పాడి, బదులు కొఱకు ఆగి, మఱల పాడుచుండెను. 1987లో దాని గొంతు కడపటిసారి వినబడెను. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము ఆ జాతితో గూడ హవాయి పక్షులు ఎనిమిదింటిని అంతరించినవిగా ప్రకటించెను. ఈఈవి వంశపు 50కి మించిన జాతులలో 17 మాత్రమే మిగిలినవని లెక్క. 2017లో ఈఈవిని గూడ అపాయము పొందియున్న జాతుల పట్టీలో చేర్చిరి.

అయినను ఆ దీవులవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1985లో మౌనా కెయా వాలున హకలావ్ అను అడవిని పక్షుల రక్షణకై ప్రత్యేకించిరి. కంచెలు వేసి పందులను, పశువులను వెలుపల నుంచి, మేతబీళ్ళలో కోవా మొక్కలను నాటిరి. ఆ మొక్కలు చెట్లైనవి. చెట్లపై పక్షులు వ్రాలుచున్నవి. 2023 చివరనుండి మౌయి కొండలందును, పిదప కవాయి కొండలందును ఒక వింత ఉపాయమును ప్రయోగించుచున్నారు. మగదోమ కఱవదు. పలు దోమల మేనిలో సహజముగనే యుండు వోల్బాకియా యను సూక్ష్మజీవియొక్క వేఱొక తెగను మగదోమలలో పెంచి, వానిని హెలికాప్టరులనుండి అడవిపై వదలుచున్నారు. వానితో జతగూడిన అడవి ఆడుదోమ గ్రుడ్లు పెట్టును గాని అవి పొదుగవు. ఇట్లు వారము వారము లక్షలకొలది మగదోమలను వదలుచుండిన, దోమల సంతతి క్రమముగా తఱుగునని వారి యాశ. మందు చల్లినచో అడవిలోని మేలైన పురుగులును చచ్చును. ఈ ఉపాయమున ఆ భయము లేదు.

పీపాడు నీరు పాఱబోయుట ఒక్క క్షణపు పని. దానిని సరిదిద్దుటకు రెండు శతాబ్దములు గడచిన పిమ్మట విమానములు, ప్రయోగశాలలు, కోట్లకొలది ధనము కావలసివచ్చినది. ఇంత చేసియు పోయిన ఓఓ తిరిగి రాదు. దురాశను మనము గుర్తుపట్టి నిందింపగలము, అడ్డగింపగలము. అజాగ్రత్త అట్లు కాదు. అది ఎవరి ముఖముపైనను వ్రాసియుండదు. దాని ఫలమును అనుభవించువాడు, దానిని చేసినవానికి ఎన్నడును కనబడడు.

మన యూళ్ళలో వాడక విడిచిన నూతులు, పగిలిన తొట్లు, పెరటిలో పడియున్న కుండపెంకులు, పాఱక నిలిచిన కాలువలు ఎన్నియో కలవు. అందు పుట్టు దోమ మన బిడ్డలకు జ్వరమును, బోదకాలును తెచ్చుచున్నది. వారమున కొక్కసారి ఆ నీటిని పాఱబోసి పాత్రను బోర్లించినచో దోమపిల్ల ఱెక్కలు రాకముందే చచ్చును. ఇది చెప్పుటకు పండితుడు అక్కఱలేదు. చేయుటకు ధనము అక్కఱలేదు. అట్లే పరదేశపు చేపయో, మొక్కయో, పిట్టయో ఎవరైన తెచ్చి మన చెఱువులలో, అడవులలో వదలుదమన్నప్పుడు, దానితో కనబడక ఇంకేమి వచ్చునని అడుగు పెద్దమనిషి ఊరికొకడు ఉండవలెను. లహైనా యేటి యొడ్డున ఆనాడు అట్లడుగువాడు లేకపోయెను.

మౌనా కెయా వాలున నేటి యుదయమున గూడ ఈఈవి పాడియుండును. మన మనుమల కాలమునను అది పాడునో లేదో తేల్చునది ఆ కొండలపై జరుగుచున్న ప్రయత్నము. ఆ ప్రయత్నము ఫలించుగాక యని కోరుచు సెలవు పుచ్చుకొనుచున్నాను.